స్వర్ణదీపిక పునఃప్రవేశ మహోత్సవం

శనివారం పొద్దున్నకు తేజస్వి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడు గంటలకు మేడ్చల్ నుంచి ట్రాలీ ఆటోలో ఆరు ట్రేలు తీసుకురావాలి. దేవరయాంజాల్ పోయే దారిలో ఉన్న శ్రీహరితవనం కాలనీ వెనక గుట్ట ఎక్కాలి. బండల సందుల్లో అరవై నాలుగు మొక్కలు నాటి, చెంబుతో నీళ్లు చల్లి, తొమ్మిదిన్నరకల్లా ఇంటికి పోయి ఉప్మా తినాలి. ఆ పథకంలో శాలువా లేదు, మైకు లేదు, ఉపన్యాసం లేదు. అదే దానిలోని పెద్ద లోపమని కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షుడు వీరేందర్ కనిపెట్టాడు.

ఆ మొక్క చూడటానికి ఏమంత గొప్పది కాదు. జానెడు ఎత్తు, వెల్లుల్లి ఆకులాంటి ఆకు. ఏడాదిలో ఎక్కువ నెలలు భూమిలో గడ్డగా పడుకుంటుంది. వానకాలంలో ఒక నాలుగైదు రోజులు చిటికెన వేలి గోరంత పసుప్పచ్చ పువ్వు పూసి ఊరుకుంటుంది. అరవై ఏళ్ల కిందట ఎవరో శాస్త్రజ్ఞుడు శామీర్‌పేట చుట్టుపక్కల గుట్టల మీద దాన్ని కోసి, ఎండబెట్టి, కాగితానికి అతికించి భద్రపరిచాడు. ఆ తర్వాత ఇక్కడ దాన్ని చూసినట్టు ఎవరూ రాయలేదు. గుట్టలు కంకరయ్యాయి, కంకర కాలనీలయింది.

పరిశోధన విద్యార్థిని అయిన తేజస్వి నల్లమలలో ఒక బండ మీద మిగిలిన మొక్కల నుంచి గింజలు తెచ్చింది. మేడ్చల్‌లో తమ ఇంటి వెనక వల కట్టి నాలుగేళ్లు పెంచింది. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన ఆమె తండ్రి బాలరాజు, కోడి దూరకుండా మేక మూతిపెట్టకుండా అక్కడే కుర్చీ వేసుకుని కాపలా కాశాడు. ఇంత చేసినా నాలుగేళ్లలో ఒక్కటంటే ఒక్కటి పూయలేదు. "పుట్టిన నేలలో పెట్టి చూడమ్మా. ఈ వానకాలం కూడా పూయకపోతే వేరే అంశం తీసుకుందాం" అని ఆమె గైడ్ తేల్చేశాడు. అంటే నాలుగేళ్ల చదువూ ఆ అరవై నాలుగు గడ్డల్లో ఉంది.

గుట్ట కాలనీ ఖాళీ స్థలం కిందికి వస్తుంది కాబట్టి సంఘం సంతకం కావాలి. సంతకం వీరేందర్‌ది. ఆయన ప్లాట్ల వ్యాపారి. గేటు కంటే ఎత్తయిన చెట్టు ఒక్కటీ లేని కాలనీకి శ్రీహరితవనం అని పేరు పెట్టింది ఆయనే. అధ్యక్షుడిగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు, ఆ రోజు సమావేశానికి ఆయన తప్ప ఇంకెవరూ రాలేదు కాబట్టి. అప్పటి నుంచి ఆయన నడకలో కూడా కొంత అధ్యక్షత చేరింది.

తేజస్వి కాగితం ముందు పెట్టగానే ఆయన కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"మొక్క పేరేంది మేడం?"

ఆమె శాస్త్రీయ నామం చెప్పింది. ఆయన రెండుసార్లు ప్రయత్నించాడు. రెండోసారి నాలుక కరుచుకున్నాడు.

"గిట్ల నోరు తిరగని పేరుంటే ఏ పెద్దమనిషొస్తడు? స్వర్ణదీపిక అందాం."

"సార్, పువ్వు గింతే ఉంటది. గోరంత."

"ఏం కాదు మేడం. పేరు పెద్దగుంటే సాలు, పువ్వు ఫొటోల అదే పెద్దగైతది. సంతకం జేస్త గని, ఒక చిన్న ప్రోగ్రాం పెట్టుకుందాం. ఐదు నిమిషాలు. నేను రెండు ముక్కలు మాట్లాడత, అంతే."

తేజస్వికి అప్పటికే అనుమానం రావలసింది. కానీ వానలు మొదలై వారం దాటింది, గడ్డలు నాటడానికి ఇంకో పది రోజులే గడువుంది. సరేనంది.

మర్నాటికి కాలనీ గేటు మీద ఫ్లెక్సీ లేచింది. 'స్వర్ణదీపిక పునఃప్రవేశ మహోత్సవం' అని దాని మీద బంగారు రంగు అక్షరాలు. ఎడమవైపు నిలువెత్తు వీరేందర్. కుడివైపు పొద్దుతిరుగుడు పువ్వు. అసలు పువ్వు ఫొటో చేతిలో లేకపోతే ఫ్లెక్సీ దుకాణం వాళ్లు తమ దగ్గరున్న పసుపు పువ్వు వేసిచ్చారు. వీరేందర్ తన ఫొటో బాగా వచ్చిందా లేదా అని మాత్రం చూసుకున్నాడు.

శాస్త్రీయంగా కూడా ఏదైనా చేయాలని ఆయనకు తోచింది. దేవరయాంజాల్‌లో హోటల్ దగ్గర కారు ఆపి, చాయ్ తాగుతున్న నలుగురు ముసలివాళ్లను, "ఇక్కడ గుట్టల మీద స్వర్ణదీపిక ఎప్పుడన్న చూసిన్రా?" అని అడిగాడు. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని లేదన్నారు. ముందురోజు మధ్యాహ్నం తాను పెట్టిన పేరు వాళ్లకెలా తెలుస్తుందని ఆయనకు తట్టలేదు. 'గ్రామ పెద్దల సాక్ష్యం ప్రకారం మొక్క పూర్తిగా అంతరించింది' అని కాలనీ గ్రూపులో రాసుకున్నాడు.

గురువారం ఆయన ఒక పెద్దసారును ముఖ్య అతిథిగా ఒప్పించాడు. ఆ సారు ఏ శాఖలో పెద్దో వీరేందర్‌కు సరిగా తెలియదు. ముందు ఒక జీపు, వెనక ఒక జీపు వస్తాయని తెలుసు, అది చాలు. వెంటనే తేజస్వికి ఫోన్ చేశాడు.

"మేడం, పెద్దసారు పది గంటలకొస్తుండు. పువ్వు పట్టుకొని ఫొటో దిగుతడు."

"పువ్వు ఇప్పుడుండదు సార్. నాటినంక మూడు వారాలకు, అదీ వస్తే..."

"శనివారం ఒక్క పొద్దు పూయదా?"

"పూయది సార్."

"సరే, నువ్వు పరేషాన్ గాకు. పువ్వు సంగతి నేను జూసుకుంట."

ఆయన చూసుకోవడమంటే శామీర్‌పేట రోడ్డు మీద నర్సరీ నడిపే మజీదాకు ఫోన్ చేయడం. మజీదా ఇరవై ఏళ్లుగా మొక్కలమ్ముతున్న మనిషి. మొక్క గురించి అబద్ధం చెప్పదు, అడిగిన దానికంటే ఎక్కువా చెప్పదు.

"పసుపు పూలు గావాలె మజీదా బీ. ఆకు గడ్డిలెక్క ఉండాలె, పువ్వు మంచిగ కనవడాలె. రెండు వందలు."

"రెయిన్ లిల్లీ ఉంది సాబ్, ఫుల్లు పూత మీదుంది. గానీ అది ఇక్కడి పువ్వు కాదు. అమెరికా సైడుది."

"మా ప్రోగ్రాముల దాన్ని పాస్‌పోర్టు ఎవరడుగుతరు? పంపియ్యి."

ఇక మిగిలింది వేదిక. శుక్రవారం పొద్దున్నే వీరేందర్ కాలనీ తోటమాలి సిద్దయ్యను గుట్ట దగ్గరికి పిలిచాడు. వానకు గుట్ట పచ్చబడి ఉంది. బండల సందుల్లో రకరకాల గడ్డి, తీగలు, ముళ్ల మొక్కలు.

"రేపటికి గీ గడ్డీ గిడ్డీ ఏం ఉండద్దు. అద్దంలెక్క జేయాలె. పెద్దసారు బూట్లకు ముల్లు గుచ్చుకుంటే మన ఇజ్జత్ ఏం గావాలె?"

సిద్దయ్య తల గోక్కున్నాడు. "సార్, రేపు మొక్కలు వెట్టేది గుట్ట మీదనే గద. మరి ఉన్న మొక్కలు తీసుడెందుకు?"

"ఉన్నయి పిచ్చి మొక్కలు. వచ్చేటియి మంచి మొక్కలు. గీ తేడా తెల్వకనే నువ్వు తోటమాలివైనవ్."

తోటమాలికి ఆ తేడా ఇంకా బోధపడలేదు. కానీ జేసీబీ వచ్చేసింది. మధ్యాహ్నం మూడింటికల్లా గుట్ట వాలంతా గీకేసి, బండలు పక్కకు దొర్లించి, కొత్తగా గుండు కొట్టించుకున్న తలలా తయారుచేశారు. గీకిన ఎర్రమట్టి గోడ పక్కన కుప్పపడింది. సరిగ్గా అప్పుడే మజీదా పూల మొక్కలతో వ్యాన్ దిగింది. మట్టిని పిడికెడు తీసి నలిపి చూసింది.

"మస్తు మట్టి సాబ్. ఏం జేస్తరు దీన్ని?"

"పారేసుడే. నీకు గావాల్నా? తీస్కపో. జల్దీ తీస్కపో, రేపటికి కుప్ప కనవడొద్దు."

సాయంత్రానికి రెండు ట్రాక్టర్ల మట్టి శామీర్‌పేట చేరింది. వానకాలం నర్సరీకి గిరాకీ కాలం. మజీదా ఆరుగురు కూలీ ఆడవాళ్లను పెట్టి, జల్లెడ పట్టే తీరిక కూడా లేకుండా ఆ మట్టిని కుండీలకెత్తించింది. కరివేపాకు, గులాబీ, మల్లె, తులసి మొక్కలు వాటిలో కుదురుకున్నాయి. శనివారం తెల్లవారేసరికి సగం కుండీలు దుకాణాలకూ ఇళ్లకూ బయలుదేరాయి.

శనివారం ఏడు గంటలకు తేజస్వి తన ఆరు ట్రేలతో ఆటో దిగి, గుట్టను చూసి, తప్పుదారిలో వచ్చామనుకుని మళ్లీ ఆటో ఎక్కబోయింది. ఆటో అతనే ఫ్లెక్సీ చూపించి ఇదే చోటన్నాడు. గుట్ట మీద షామియానా, నూరు కుర్చీలు, సౌండు బాక్సులు. గీకిన వాలు మీద సుద్దతో గీతలు కొట్టి, గీత వెంబడి రెండు వందల అమెరికా లిల్లీలు పరేడుకు నిలబడినట్టు నిలబడ్డాయి.

"ఇదేంది సార్? మట్టేది? బండలేవి? నా మొక్కలు బండల సందుల్ల తప్ప బతకవు సార్!"

"సల్లగ కూసో మేడం. ఎండకు పరేషాన్ అయితున్నవ్. నీ మొక్కలు ప్రోగ్రాం అయినంక పెడుదువు. ఇప్పుడవి ముంగట పెడితే గడ్డి పెంచుతున్నరని పెద్దసారు అనుకుంటడు." వీరేందర్ సిద్దయ్య వైపు తిరిగాడు. "గా గడ్డి ట్రేలు స్టేజీ ఎనుక పెట్టు. ఎవ్వలకు కనవడొద్దు."

తేజస్వి ఒక ట్రే పట్టుకుని వదల్లేదు. కాలనీ ఆడవాళ్లు ఇద్దరు వచ్చి, "కూసో బిడ్డా, టిఫిన్ చెయ్యి" అంటూ ఆమెను మొదటి వరుసలో కుర్చీలో కూర్చోబెట్టి, రెండు చేతుల్లోకీ ఇడ్లీ ప్లేటు పెట్టారు. ఇడ్లీ ప్లేటు పట్టుకుని కోపం తెచ్చుకోవడం చాలా కష్టం. ఆ పక్కనే ఇంకొకాయన ఆమె భుజం మీద శాలువా కప్పేశాడు. దాంతో ఆమె పూర్తిగా సన్మానితురాలైపోయింది.

పది గంటలకు రావలసిన పెద్దసారు పదకొండుకు బయలుదేరారన్నారు. పదకొండున్నరకు బయలుదేరబోతున్నారన్నారు. ఈలోగా జనం లేవకుండా చూడాలి కాబట్టి వీరేందర్ మైకు తీసుకున్నాడు. స్వర్ణదీపిక గురించి ఆయనకు తెలిసినదంతా ఒకటిన్నర నిమిషంలో అయిపోయింది. ఇంకా గంట మిగిలింది. మైకు చేతిలో ఉంది. ఆయన కల్పించుకోవడం మొదలుపెట్టాడు. స్వర్ణదీపిక గాలిని శుభ్రం చేస్తుందన్నాడు. దోమలు రానివ్వదన్నాడు. కుర్చీల్లో ఎవరూ తల ఎత్తలేదు. చివరికి, "పూర్వం మన పెద్దలు దీని గడ్డ మరగబెట్టి తాగేటోళ్లు. షుగర్ అన్నదే ఉండకపోయేది!" అన్నాడు.

నూరు కుర్చీల్లో ఎనభై మందికి షుగరుంది. ఒక్కసారిగా అందరూ ముందుకు వంగారు.

"అబద్ధం! సార్, అట్ల చెప్పొద్దు!" అని తేజస్వి లేచి అరిచింది. సౌండు బాక్సుల ముందు ఆ మాట ఆమెకే వినపడలేదు. శాలువా కప్పుకున్న అమ్మాయి లేచి చేతులు ఊపేసరికి జనం ఆమె బలపరుస్తున్నదనుకుని చప్పట్లు కొట్టారు.

పన్నెండున్నరకు పెద్దసారు వచ్చారు. పొద్దుతిరుగుడు పువ్వున్న ఫ్లెక్సీ ముందు, అమెరికా లిల్లీ పట్టుకుని, స్థానిక సంపదను కాపాడుకోవాలని పిలుపునిచ్చి తొమ్మిది నిమిషాల్లో వెళ్లిపోయారు. ఆయన రెండో జీపు గేటు దాటకముందే జనం గుట్ట మీద పడ్డారు. గీతలు గీతలుగా ఉన్న రెండు వందల మొక్కల్లో పావుగంట తర్వాత ఒక్కటి మిగల్లేదు. ఎవరో సుద్ద కూడా ఎత్తుకుపోయారు.

తేజస్వి జనాన్ని తోసుకుంటూ స్టేజీ వెనక్కి పరుగెత్తింది. అక్కడ పదకొండు మేకలు ఆరు ట్రేల చుట్టూ బంతికి కూర్చున్న చుట్టాల్లా నిలబడి, చివరి ఆకు నములుతున్నాయి. అరవై నాలుగు మొక్కల్లో ఒక్కదానికీ వేలెడు ఆకు లేదు. ఆమె అక్కడే నేల మీద కూలబడి, శాలువాలో మొహం దాచుకుని ఏడ్చింది.

మేకల వెనక కర్ర పట్టుకుని దుర్గాబాయి వచ్చింది. అరవై దాటిన మనిషి, దేవరయాంజాల్‌లో ఉంటుంది. ఆ గుట్టల మీద మేకలు కాయడం ఆమెకు పుట్టినప్పటి నుంచీ అలవాటు. పిల్ల ఏడుపు చూసి కంగారుపడింది.

"గడ్డి తింటే ఏడుస్తరా బిడ్డా? ఇంకో కట్ట దెచ్చిస్త తియ్యి."

"గడ్డి కాదవ్వా... నాలుగేండ్లు పెంచిన. ఈ చుట్టుపక్కల ఎక్కడా దొరకది."

దుర్గాబాయి వంగి ట్రేలో మొండిని పట్టుకుని కొంచెం పైకి లాగింది. కింద సెనగ గింజంత గడ్డ తెల్లగా కనిపించింది. వాసన చూసింది.

"ఇది మేకెల్లిగడ్డ గాదా! దొరకకపోవుడేంది? మొన్నటిదాంక గీ గుట్ట నిండ ఉండె. నిన్న మిషన్ వెట్టి గీకిన్రు గద."

తేజస్వి ఏడుపు ఆపేసింది.

"ఏమన్నవవ్వా?"

"మేకెల్లిగడ్డ. ఎల్లిగడ్డ ఆకు లెక్కుంటది. మేకలకు పాణం. మొన్న కారుల ఒగాయన అచ్చి చాయ్ హోటల్ కాడ స్వర్ణమో గిర్ణమో అడిగిండంట, మావోడు చెప్పిండు. ఎల్లిగడ్డ అంటే నేనే చూపిద్దును."

"మరి పూస్తదా అవ్వా? నాయి నాలుగేండ్లాయె, ఒక్కటి పూయలే."

"మేక తిన్లే?"

"వల కట్టి కాపాడిన."

దుర్గాబాయి ఆమెను జాలిగా చూసింది. "ఇంకెట్ల పూస్తది? మేక కొరికినంకనే దానికి రోషమొస్తది. ఆకు మొత్తం పోవాలె, అప్పుడు లోపలి నుంచి పువ్వు తంతది. ఏడ్వకు, గడ్డ పాణంతోనే ఉన్నది. ఇంటికి తీస్కపోయి నీళ్లు పొయ్యి."

ఇంకో నిమిషంలో తేజస్వి సిద్దయ్యను పట్టుకుని మట్టి ఎక్కడికి పోయిందో తెలుసుకుంది. రెండింటికల్లా శామీర్‌పేట రోడ్డు మీద మజీదా ముందు నిలబడింది.

"నిన్న తెచ్చిన మట్టేదమ్మా?"

మజీదా చేత్తో నర్సరీ అంతా చూపించింది. "గా కుండీలన్నీ అదే మట్టి బేటా. ఆరు వందలు. నాలుగు వందలు పోయినయి."

"ఏడికి పోయినయి?"

"మేడ్చల్ పోయినయి, పేట్ బషీరాబాద్ పోయినయి, ఏడికి పోలే! కొన్ని దుకాణాలకు, కొన్ని ఇండ్లకు."

సంగతంతా విని మజీదా తలకొట్టుకుంది. అంతరించిందనుకున్న పువ్వును తానే కరివేపాకు కుండీల్లో పెట్టి ఊరంతా పంచానని ఆమెకు అర్థమవడానికి కొంతసేపు పట్టింది. మిగిలిన రెండు వందల కుండీలను అమ్మనని చెప్పి, ఒక మూలకు జరిపించింది. "ఇప్పుడు తవ్వితే గడ్డ కనవడది, పార తగిలి తెగుతది. వానలు పడనియ్యి. అదే తల ఎత్తుతది" అంది.

ఆదివారం పొద్దున్న శ్రీహరితవనం కాలనీలో ఎవరూ వాకింగ్‌కు రాలేదు. లిల్లీ గడ్డలు మరగబెట్టి స్వర్ణదీపిక కషాయమని తాగిన ఎనభై మందీ ఇళ్లలోనే ఉన్నారు, అదీ ఇంట్లో ఒకే గదిలో. కొందరికి వాంతులు, కొందరికి విరేచనాలు, పట్టుదల గలవాళ్లకు రెండూ. కాలనీ ట్యాంకులో నీళ్లు పదింటికే అయిపోయాయి. అదృష్టం కొద్దీ సాయంత్రానికి అందరూ తేరుకున్నారు. కాస్త ఓపిక రాగానే ఫోన్లు తీసి గ్రూపులో వీరేందర్‌ను వెతికారు.

వీరేందర్ తాను తాగలేదు. నాయకుడన్నవాడు మొదట జనాన్ని ముందుకు పంపుతాడు. ఆయన గంటసేపు ఆలోచించి గ్రూపులో ఇలా రాశాడు: 'యూనివర్సిటీ అమ్మాయి ఇచ్చిన మొక్కల్లోనే దోషం ఉంది. విచారణ కోరుతున్నాను.' సోమవారం అదే మాట రెండు పేజీలకు పెంచి, సంఘం ముద్ర కొట్టి, తేజస్వి గైడ్‌కు పంపాడు. ఆమె విషపు మొక్కలు నాటి పౌరుల ఆరోగ్యాన్ని దెబ్బతీసిందనీ, ఆమె ఇంట్లో ఇంకా అలాంటి మొక్కలు దాచిందనీ, వెంటనే వచ్చి పరీక్షించాలనీ అందులో ఉంది.

నకలు చేతికందిన రోజున తేజస్వి అన్నం తినలేదు. బాలరాజు ఆ కాగితం చదివి మడతపెట్టి, "వాడు బస్సెక్కితే మేడ్చల్ల ఎక్కిచ్చి నిజామాబాద్ల దింపుతుంటి" అన్నాడు. ఆయన జీవితంలో అంతకంటే పెద్ద తిట్టు తిట్టలేదు. మజీదా కూడా ఊరుకోలేదు. కాలనీ గేటు దగ్గర ఆటో దిగి, అందరూ వినేలా, "ఆ పూలు నావి! అమెరికావని సాబ్‌కు ముందే చెప్పిన! తాగుమని ఏ పాగల్ చెప్పిండు?" అని అరిచి పోయింది. మైకు లేకపోయినా కాలనీలో అందరికీ వినపడింది.

గైడ్ తీరిక చేసుకుని రావడానికి మూడు వారాలు పట్టింది. ఆయన ముఖం ముడుచుకుని మేడ్చల్‌లో తేజస్వి ఇంటి వెనక్కి నడిచాడు. వల లేదు. ఆరు ట్రేలలోనూ మేకలు మొండి చేసిన చోట కొత్త ఆకు వచ్చింది. ఆ ఆకుల మధ్య, ఆ రోజు పొద్దున్నే విచ్చిన పసుప్పచ్చ పూలు. ఆయన వంగి లెక్కపెట్టాడు. యాభై తొమ్మిది.

"ఏం చేశావమ్మా?" అన్నాడు నెమ్మదిగా.

"మేకలకు పెట్టిన సార్" అంది తేజస్వి. ఆ మాట అంటూ నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియలేదు.

విచారణకు వచ్చిన మనిషి కళ్లారా చూసిన సాక్షి అయ్యాడు. వీరేందర్ ఫిర్యాదు పెట్టకపోతే ఆయన ఆ నాలుగు రోజుల్లో మేడ్చల్ వచ్చేవాడే కాదు. ఫిర్యాదు కాగితం వెనకవైపే ఆయన పూల కొలతలు రాసుకున్నాడు.

అదే రోజు మజీదా ఫోన్ చేసింది. పక్కకు పెట్టిన కుండీల్లో గులాబీల మొదళ్లలో, మల్లెల మొదళ్లలో పచ్చటి ఆకులు లేచాయి. కొన్ని మేకల అవసరం లేకుండానే పూశాయి. జేసీబీ చేసిన గాయం మేక కొరికిన దానికి తీసిపోదు మరి. అంటే అమ్ముడుపోయిన నాలుగు వందల కుండీల్లోనూ లేచి ఉంటాయి. తేజస్వి, మజీదా, బాలరాజు స్కూటర్ల మీద ఇళ్ల వెంట పడ్డారు. మజీదాకు కొన్నవాళ్ల పేర్లు గుర్తుండవు, కొన్న మొక్కలు గుర్తుంటాయి. "ఆ నీలం గేటు మేడం రెండు తులసులు తీస్కపోయింది. బుల్లెట్ బండి ఆయన కరివేపాకు" అంటూ దారి చూపింది.

"ఆంటీ, మీ కుండీల గడ్డి మొలిచిందా?" అని ఎవరో తలుపుకొట్టి అడిగితే జనం వింతగా చూశారు. ఒకావిడ తన ఇల్లు శుభ్రంగా ఉంటుందని కోపగించింది. ఇంకొకావిడ తులసి కోటలో పూసిన పసుపు పువ్వు దేవుడి మహిమ అని రోజూ హారతి ఇస్తోంది. ఆమెను ఒప్పించి పువ్వు తీసుకోవడానికి గంట పట్టింది. సగం ఇళ్లలో పీకిపారేశారు, సగం ఇళ్లలో దొరికాయి.

శ్రీహరితవనంలో చివరి తలుపు వీరేందర్‌ది. ఆయన భార్య సుశీల తీసింది.

"గులాబి కుండీల పూసెనమ్మా, రెండు. మస్తు ముద్దుగుండె. పొద్దుగాలనే మాయన పీకి రోడ్డు మీద ఇసిరేసిండు, గడ్డి అనుకుంట." లోపల మైకు లేకుండా ఫోన్లో ఉపన్యాసం ఇస్తున్న భర్త గొంతు వైపు తల తిప్పి, "ఏ గడ్డికి ఏ పేరు పెట్టాలో తెల్వదు గని, పీకుడు మంచిగొస్తది" అంది. తేజస్వి రోడ్డు మీదికి పోయి వెతికింది. రెండింటిలో ఒక దాని గడ్డ చక్కగా ఉంది. కాగితంలో చుట్టుకుంది.

మొత్తం నాలుగు వందల ముప్పై గడ్డలు పోగయ్యాయి. వాటినీ ట్రేలలోని వాటినీ ఎక్కడ నాటాలన్న ప్రశ్నకు దుర్గాబాయి జవాబు చెప్పింది. దేవరయాంజాల్ అవతల ఆమె మేకలు మేసే ఊరుమ్మడి బీడు, బంచరాయిలో, ఎవరూ ముట్టని బండల వాలు ఒకటుంది. గైడ్ అనుమతి కాగితం తెప్పించాడు. ఒక చినుకుల పొద్దున్న తేజస్వి, బాలరాజు, మజీదా, దుర్గాబాయి నలుగురూ పోయి, పలుగుతో బండల సందులు కదిపి నాటేశారు. రెండు గంటల్లో పని ముగిసింది. ఎవరూ మాట్లాడలేదు, అంటే దుర్గాబాయి మాట్లాడుతూనే ఉంది గానీ మేకలతో. తేజస్వి పుస్తకంలో మొక్క పేరు దగ్గర శాస్త్రీయ నామం రాసి, పక్కనే 'మేకెల్లిగడ్డ' అని రాసుకుంది. కంచె వేయాలా అని తర్వాత గైడ్ అడిగితే, వద్దంది.

వీరేందర్‌కు ఆ వార్త ఆలస్యంగా తెలిసింది. పువ్వు తన గుట్టదేననీ, తిరిగి తన గుట్టకే చేర్చాలనీ గ్రూపులో రాశాడు. కషాయం తాగిన ఎనభై మందిలో ఒక్కరూ జవాబివ్వలేదు. దాంతో ఆయనకు పౌరుషం వచ్చింది. మొక్కలతో పనిలేకుండానే గుట్టను పచ్చగా చేసి చూపిస్తానన్నాడు, చూపించాడు కూడా. గీకిన వాలంతా ఇప్పుడు ప్లాస్టిక్ గడ్డి పరిచి ఉంది.

అది వాడిపోకుండా సిద్దయ్య రోజూ సాయంత్రం నీళ్లు పోస్తున్నాడు.